సెలోపెహాదు కుమార్తెల మనవి

ఇశ్రాయేలీయులు మోయాబు మైదానములలో దిగియున్న దినములవి. నలువది సంవత్సరముల అరణ్యప్రయాణము ముగియనున్నది. యుద్ధమునకు పోగల పురుషులు లెక్కింపబడిరి. ఆ లెక్కను బట్టియే యొర్దాను ఆవలి దేశము గోత్రములకు పంచబడవలెను. అట్టి సమయమున మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అను అయిదుగురు అక్కచెల్లెండ్రు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్దకు వచ్చి, మోషే యెదుటను, యాజకుడైన ఎలియాజరు యెదుటను, ప్రధానుల యెదుటను, సర్వసమాజము యెదుటను నిలిచిరి. వారి తండ్రియైన సెలోపెహాదు అరణ్యములో మరణించెను. వారికి అన్నదమ్ములు లేరు. కుమారులు లేని కారణమున తండ్రి పేరు వంశములోనుండి ఏల మాసిపోవలెనని ప్రశ్నించి, తండ్రి సహోదరులతోపాటు తమకును స్వాస్థ్యము కావలెనని వారు అడిగిరి. ఈ వృత్తాంతము సంఖ్యాకాండము ఇరువదియేడవ అధ్యాయములో కలదు.

ఆ మనవిలో గమనింపదగిన సంగతులు మూడు. మొదటిది, వారు తమ జనుల ఆచారమునకు వెలుపల నిలిచి మాటలాడలేదు. తండ్రి పేరు నిలుచుట ఆ సమాజమునకు ఎంత విలువైనదో ఎరిగి, ఆ విలువనే ఆధారము చేసికొని తమ భాగమును అడిగిరి. రెండవది, వారి పక్షమున పినతండ్రిగాని గోత్రపెద్దగాని మాటలాడలేదు, వారే మాటలాడిరి. మూడవది, మోషే వెంటనే ఉత్తరమీయలేదు. ధర్మశాస్త్రము తన చేతిలో నుండగనే, ఈ ప్రశ్నకు ఉత్తరము తన యొద్ద లేదని గ్రహించి, దానిని దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. ఆ కుమార్తెలు పలికినది న్యాయమేనని దేవుడు సెలవిచ్చెను. అప్పటినుండి ఇశ్రాయేలులో ఒక క్రొత్త కట్టడ ఏర్పడెను.

స్త్రీవాదమను మాట వినబడినప్పుడు నేటి క్రైస్తవ గృహములలో కలుగు కలవరమును ఈ వృత్తాంతపు వెలుగులో పరిశీలింపవచ్చును. ఆ మాట తెలుగు పత్రికలలో 1980ల దశకము నుండి విరివిగా వాడుకలోనికి వచ్చినది. ఒక యువతి ఆ పేరును సంతోషముగా ధరించుచున్నది. మరియొక యువతి, అది తనది కాదని తొలగిపోవుచున్నది. వేరొకతె ఆ పేరెన్నడును పలుకకయే, ఆ పేరు ధరించినవారు చేయు పనినే తన గ్రామములో చేయుచున్నది. ఈ భేదమును చూచి పెద్దలు రెండు విధములుగా తొట్రిల్లుచున్నారు. కొందరు, "వారిలో వారికే పొత్తు కుదరలేదు గదా, ఇక వారి మాట వినుట యెందుకు?" అని ప్రశ్నను త్రోసివేయుదురు. మరికొందరు, ఆ పేరును స్వీకరింపని యువతి ఇంకను మేలుకొనలేదని తీర్మానించి, ఆమెకు బదులుగా తామే మాటలాడుదురు. ఈ రెండు త్రోవలలోను ఆమె మాట వినబడక మిగిలిపోవుచున్నది.

ఇందులో ఒక నైతికమైన చిక్కు నిజముగా కలదు. న్యాయము ఒక్కటే అయినయెడల, దానిని కోరువారి పలుకులు ఇన్ని విధములుగా నేల యుండవలెను? ఒకవేళ ప్రతి దేశమునకు, ప్రతి కులమునకు, ప్రతి మతమునకు వేరు వేరు న్యాయము కలదని ఒప్పుకొన్నయెడల, అన్యాయము చేయువాడు "ఇది మా ఆచారము" అని ఆ మరుగున దాగుకొనడా? ఈ రెండు ప్రశ్నలలో ఒకదానికి మాత్రమే ఉత్తరమిచ్చుట సులభము. రెండింటికిని కలిపి ఉత్తరమీయవలసియుండుటయే కష్టము.

ఒక చిన్న వస్త్రపు చరిత్రతో ఆరంభింపవచ్చును. ఇరాను దేశములో 1936లో రెజా షా ప్రభుత్వము స్త్రీలు ముసుగు తీసివేయవలెనని ఆజ్ఞాపించెను. వీధిలో రక్షకభటులు స్త్రీల ముసుగులను లాగివేసిరి. ముసుగు లేక బయటికి వచ్చుటకు సిగ్గుపడి ఇల్లు విడువని స్త్రీలుండిరి. 1979 నాటి విప్లవము తరువాత అదే దేశములో తల కప్పుకొనుట నిర్బంధమయ్యెను. 2022 సెప్టెంబరులో మహసా అమీనీ అను ఇరువదిరెండేండ్ల యువతి, వస్త్రధారణ నియమమును మీరినదను నెపమున పట్టుబడి, నిర్బంధములో నుండగా మరణించెను. అప్పుడు వేలకొలది యువతులు వీధులలోనికి వచ్చి తలముసుగులు తీసివేసిరి. ఫ్రాన్సు దేశములోనో, 2004లో చేయబడిన శాసనము ప్రభుత్వ పాఠశాలలలో ప్రస్ఫుటమైన మతచిహ్నములను నిషేధింపగా, ముస్లిము బాలికలు కొందరు తల కప్పుకొను హక్కు తమకు కావలెనని వాదించిరి.

పైపైన చూచువానికి ఈ యువతులు పరస్పర విరోధులుగా కనబడుదురు. ఒకతె తీసివేయుదుననుచున్నది, ఒకతె తీసివేయననుచున్నది. అయితే ఇద్దరి ప్రశ్నయు ఒక్కటే: నా తలపై ఏమి యుండవలెనో నిర్ణయించు అధికారము రాజ్యమునకు ఎవరిచ్చిరి? ఇరానులో 1936లో సిగ్గుతో ఇంట కూర్చున్న స్త్రీయు, 2022లో వీధిలో నిలిచిన ఆమె మునిమనుమరాలి తరపు యువతియు ఈ ఒక్క ప్రశ్నలోనే కలిసికొనుచున్నారు. కోరికలు భిన్నముగా నుండుటకు కారణము, వారిపై మోపబడిన భారములు భిన్నముగా నుండుటయే. ఎడమ భుజముపై కావడి మోయువాడు ఎడమ భుజమునే తడవుకొనును. కుడి భుజముపై మోయువాడు కుడి భుజమును తడవుకొనును. ఇద్దరికిని నొప్పి యొక్కటే.

భారము వేరైనప్పుడు పేరు కూడ వేరు కావచ్చును. అమెరికా దేశపు నల్లజాతి స్త్రీల చరిత్ర ఇందుకు సాక్ష్యము. ఆ దేశములో స్త్రీల హక్కులకై 1848లో సెనెకా ఫాల్స్ అను ఊర జరిగిన సభ ప్రసిద్ధమైనది. అయితే ఆ తరువాతి కాలములో తెల్లజాతి స్త్రీలు, "ఇల్లు విడిచి పని చేయు స్వేచ్ఛ కావలెను" అని కోరుచుండగా, నల్లజాతి స్త్రీలు తరతరములుగా పరుల ఇండ్లలోను పొలములలోను పని చేయుచునే యుండిరి. యజమానురాలు సభకు పోయినప్పుడు ఆమె పిల్లలను చూచుకొన్నది అనేక పర్యాయములు నల్లజాతి పనికత్తెయే. కాబట్టి తమ అనుభవమునకు సరిపడు మాట కావలెనని కోరి, రచయిత్రి ఆలిస్ వాకర్ 1983లో ప్రచురించిన వ్యాససంపుటిలో "వుమనిస్ట్" అను పదమును ప్రతిపాదించెను. వేదాంతపండితురాలగు జాక్వెలిన్ గ్రాంట్ 1989లో ప్రకటించిన గ్రంథములో, తెల్లజాతి స్త్రీల క్రీస్తునకును నల్లజాతి స్త్రీలు ప్రార్థించిన యేసునకును గల భేదమును విచారించెను. ఆమె ఎత్తిచూపిన ఒక సంగతి సంఘ బోధకులందరు తలపోయదగినది. సేవకత్వము శ్రేష్ఠమైనదని బోధించుట, స్వేచ్ఛగా నున్నవారికి ఒక విధముగా వినబడును. తరతరములుగా బలవంతముగా సేవచేసినవారికి మరియొక విధముగా వినబడును. వాక్యము ఒక్కటే. వినుచున్న చెవికి వెనుకనున్న వీపు వేరు.

బైబిలు భాషాంతరీకరణము చేయువారికి ఇది ఎరుగని సంగతి కాదు. ఆదికాండము రెండవ అధ్యాయములో స్త్రీని గూర్చి "సహాయము" అని తెలుగులో చెప్పబడిన చోట హెబ్రీ మూలములో "ఏజెర్" అను పదమున్నది. ఆ పదమే కీర్తనలలో దేవునికి చెప్పబడినది. కొండల తట్టు కన్నులెత్తిన భక్తుడు ఎదురుచూచినది ఆ సహాయమునకే. అట్టి పదము తెలుగు ఇంటిలోనికి వచ్చునప్పటికి, వంటయింటి చేదోడుగా మాత్రమే వినబడినది. పదములో దోషము లేదు. రోమీయులకు వ్రాసిన పత్రిక పదునారవ అధ్యాయములోని ఫీబే సంగతియు అట్టిదే. ఆమెకు పౌలు వాడిన "దియాకొనోస్" అను గ్రీకు పదమును, కొరింథీయులకు వ్రాసినప్పుడు తనకును అపొల్లోకును వాడుకొనెను. ఇంగ్లాండు దేశపు ప్రాచీన అధికార భాషాంతరము పౌలు విషయమున గౌరవమైన పదమును, ఫీబే విషయమున పనికత్తెకు చెల్లు పదమును వేసినది. తెలుగు బైబిలు అట్లు చేయలేదు. అతడు పరిచారకుడు, ఆమె పరిచారకురాలు. భాషాంతరకర్తలు న్యాయమునే పాటించిరి. అయినను తెలుగు సంఘములో పరిచారకుడనగానే ప్రసంగవేదికయు, పరిచారకురాలనగానే ప్రేమవిందు పాత్రలును జ్ఞాపకము వచ్చుచున్నవి. పుటలో సమానముగా నున్న పదమును చెవి అసమానము చేసినది.

చెవిని మలచునవి సామెతలు. ఘానా దేశస్థురాలును మెథడిస్టు సంఘస్థురాలును అగు మెర్సీ అంబా ఒడుయొయే, 1995లో ప్రచురించిన "అనోవా కుమార్తెలు" అను గ్రంథములో తన ప్రజల పురాణకథలను సామెతలను జల్లెడపట్టి, అవి స్త్రీని ఎట్లు నిర్మించుచున్నవో చూపెను. ఆమె పుట్టిన ఆకాన్ జనులలో వంశము తల్లిని బట్టి లెక్కింపబడును. అంతమాత్రమున స్త్రీకి సమానత కలుగలేదని ఆమె గుర్తించెను. 1989లో ఆక్రా పట్టణమున ఆఫ్రికా స్త్రీ వేదాంతుల మండలి ఆరంభమగుటకు ఆమె ముఖ్యకారకురాలు. ఆ మండలివారు తమ సంస్కృతిని పరదేశుల నిందకు అప్పగింపలేదు, దానికి మ్రొక్కనులేదు. జీవమిచ్చు దానిని ఉంచుకొని, జీవమును హరించుదానిని విడువవలెననిరి. తెలుగువారికి ఈ పరీక్ష ఇంటి గడపలోనే ఆరంభమగును. "ఆడపిల్ల ఆడ పిల్లయే గాని ఈడ పిల్ల కాదు" అని నవ్వుచు చెప్పు మాటను విని పెరిగిన బాలికకు, తాను పుట్టిన ఇంటిలోనే తానొక అతిథినని ఏడెనిమిదేండ్లకే తెలిసిపోవును. ఆ సామెతను చెప్పినవారు ఆమెను ప్రేమింపనివారు కారు. ప్రేమించు నోటనే ఆ మాట వచ్చుటచేత అది మరింత లోతుగా నాటుకొనును.

పేరు లేకయే పని జరిగిన సందర్భములును ఉన్నవి. లైబీరియా దేశము అంతర్యుద్ధముతో నలిగిపోవుచుండగా, 2003లో లూథరన్ సంఘస్థురాలగు లీమా బొవీ అను ముప్పదియొక యేండ్ల తల్లి, క్రైస్తవ స్త్రీలను ముస్లిము స్త్రీలను కూర్చి శాంతికొరకు ప్రార్థింపజేసెను. వారు తెల్లని వస్త్రములు ధరించి, మన్రోవియా పట్టణపు చేపల బజారునొద్ద మైదానములో ఎండకును వానకును దినదినము కూర్చుండిరి. శాంతిచర్చలు సాగక ఆక్రాలో నాయకులు కాలయాపన చేయగా, సభామందిరపు ద్వారమునొద్ద బైఠాయించి, ఒప్పందము కుదిరించుడని పట్టుపట్టిరి. ఆ సంవత్సరము ఆగస్టులో ఒప్పందము జరిగెను. 2011లో ఆమెకు నోబెల్ శాంతి బహుమానములో భాగము లభించెను. ఆ మైదానములో కూర్చున్న స్త్రీలను ఏ సిద్ధాంతమునకు చెందినవారని అడిగినయెడల, తల్లులమనియే అనేకులు చెప్పియుందురు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగినదియు దీనికి దూరము కాదు. అక్షరాస్యతా తరగతులలో సారా దుకాణమును మూయించిన స్త్రీల పాఠమును చదివిన గ్రామస్త్రీలు, తమ ఊరిలోను అట్లేల చేయరాదని లేచిరి. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతట వినబడెను. 1992లో ఆ ఉద్యమము ఊరూరికి ప్రాకెను. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడెను. అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు నేర్చుకొన్న మొదటి వాక్యమునే ఆచరణలో పెట్టిరి. వారి పోరాటము కూలిడబ్బు కొరకును, దెబ్బలు లేని రాత్రి కొరకును. పట్టణపు చదువరి యువతి స్వేచ్ఛయను మాటతో చెప్పినదానిని, వారు ఆకలియను మాటతో చెప్పిరి.

భారతదేశపు క్రైస్తవ చరిత్రలో ఈ ప్రశ్నను తన జీవితమంతయు మోసిన స్త్రీ పండిత రమాబాయి. ఆమె 1858లో జన్మించెను. సంస్కృత పాండిత్యముచేత కలకత్తా పండితుల మన్నన పొందెను. ఇరువది నాలుగేండ్లలోపుననే వితంతువయ్యెను. 1883లో ఇంగ్లాండులో బాప్తిస్మము పొందెను. 1887లో అగ్రవర్ణ హిందూ స్త్రీల దుస్థితిని గూర్చి ఇంగ్లీషులో గ్రంథము వ్రాసెను. ఇంతవరకు అనేకులు ఎరుగుదురు. అయితే బాప్తిస్మము పొందిన తరువాత ఆమెకు కలిగిన ఘర్షణ అంతగా జ్ఞాపకము చేయబడదు. ఇంగ్లాండులోని సంఘపెద్దలు, ఆమె పురుషులకు బోధించుట తగదనిరి. విశ్వాసవిషయములలో తాము చెప్పినట్లు నమ్మవలెననిరి. తన దేశపు పురోహితుల కాడిని ఎంతో శ్రమపడి తొలగించుకొన్న తాను అట్టి కాడినే మరల ఎత్తుకొనజాలనని ఆమె ప్రత్యుత్తరమిచ్చెను. క్రీస్తును స్వీకరించెను, ఆంగ్లేయుల అలవాట్లను మాత్రము స్వీకరింపలేదు. శాకాహారిణిగానే యుండెను. స్వదేశమునకు వచ్చి 1889లో బొంబాయిలో శారదా సదనమును స్థాపించెను. తరువాత కేడ్గాఁవ్‌లో ముక్తి సదనమును నడిపెను. మూలభాషలనుండి బైబిలు నంతయు మరాఠీలోనికి తర్జుమా చేసి, 1922లో మరణమునకు ముందు ఆ పనిని ముగించెను. ఆ సదనములో ఆశ్రయము పొందిన స్త్రీలే ఆ గ్రంథమును ముద్రించిరి.

రమాబాయి నాటి హిందూ సంస్కర్తలు ఆమె పరదేశి అయినదనిరి. పరదేశపు క్రైస్తవులు ఆమె ఇంకను గర్వము విడువని హిందువేననిరి. రెండు వైపులవారును ఆమె కొరకే మాటలాడుచున్నామని తలంచిరి. ఆమె మాత్రము తన మాట తానే చెప్పెను.

అయినను రమాబాయి గ్రంథము అగ్రవర్ణ స్త్రీని గూర్చినదని మరువరాదు. దానికి ముప్పదిరెండేండ్లకు ముందే, 1855లో, మాంగు కులమునకు చెందిన ముక్తా సాల్వే అను సుమారు పదునాలుగేండ్ల బాలిక, జ్యోతిరావు ఫూలే సావిత్రీబాయి దంపతుల పాఠశాలలో చదువుచు, మాంగుల మహారుల దుఃఖమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. అమెరికను మిషనరీలు నడిపిన "జ్ఞానోదయ" అను మరాఠీ పత్రిక దానిని ప్రచురించెను. ప్రసవవేదనలో నున్న తమ స్త్రీలకు తలపై కప్పు కూడ లేక చలికిని వానకును బాధపడుట ఆ బాలిక వ్రాసిన దుఃఖములలో నొకటి. అగ్రవర్ణ వితంతువు ఇంటిగోడల మధ్య బందీయై ఏడ్చినది; ముక్తా ఎరిగిన తల్లి గోడలే లేక ఏడ్చినది. ఒకరి విడుదల మరియొకరి విడుదలకు నమూనా కాజాలదు. తెలుగు సంఘములలో అత్యధిక భాగము దళిత జనులనుండి వచ్చినదే. కాబట్టి స్త్రీలకు విడుదలయని పలుకు క్రైస్తవుడు, ఏ స్త్రీకి, దేనినుండి అని వెంటనే అడుగవలసియున్నది.

ఇప్పుడు మొదటి చిక్కునకు ఉత్తరము కొంత స్పష్టమగుచున్నది. న్యాయమునకు పునాది ఒక్కటే. స్త్రీని పురుషుని దేవుడు తన స్వరూపమందు సృజించెననుటయు, క్రీస్తునందు స్త్రీయని పురుషుడని భేదము లేదనుటయు ఏ ఒక్క దేశపు ఆచారము కాదు. అయితే ఆ పునాదిపై నిలిచి పలుకు మాట ఒక్కటే కానక్కరలేదు. పెంతెకొస్తు దినమున ఆత్మ దిగివచ్చినప్పుడు కూడివచ్చిన జనులందరికి ఒకే భాష ఈయబడలేదు. పార్తీయులును మాదీయులును ఎవరి భాషలో వారు వినిరి. ఆ దినముననే, కుమారులతోపాటు కుమార్తెలును ప్రవచింతురను యోవేలు ప్రవచనమును పేతురు జ్ఞాపకము చేసెను. ఈ రెండును ఒకే దినమున జరుగుట యాదృచ్ఛికము కాదు. కుమార్తెలు పలుకుదురు, తమ తమ భాషలలో పలుకుదురు.

రెండవ చిక్కునకు, అనగా ఆచారము పేరిట అన్యాయము దాగుకొనుటకు, రెండు పరీక్షలు కలవు. "ఇది మా ఆచారము" అని చెప్పుచున్నది ఎవరు? ఆ ఆచారపు బరువును మోయుచున్న యువతియా, లేక దానివలన లాభము పొందుచున్నవాడా? ఇది మొదటి పరీక్ష. యువతి భయముచేత పలికినదానిని ఆమె స్వేచ్ఛగా పలికిన మాటగా లెక్కింపరాదు. రెండవ పరీక్ష మరింత కఠినమైనది. ఒకతె స్వేచ్ఛకు వెల చెల్లించుచున్నది మరియొకతెయా? పట్టణములో విద్యావంతురాలగు క్రైస్తవ స్త్రీ స్త్రీల సమాజపు కూటమునకు పోవునప్పుడు, ఆమె ఇంట అంట్లు తోమి బిడ్డను ఎత్తుకొనుటకు బడి మానిన పండ్రెండేండ్ల బాలిక యున్నయెడల, ఆ కూటములో పాడిన కీర్తన దేవుని సన్నిధికి చేరునా అని ఆలోచింపవలెను. స్త్రీవాదము వద్దను ఇంటను ఆ బాలిక కలదు, కావలెనను ఇంటను ఆ బాలిక కలదు.

సంఘము తన సొంత లెక్కను సరిచూచుకొనుటయు అవసరము. తిరువాన్కూరు క్రైస్తవుల వారసత్వ శాసనము 1916లో చేయబడినప్పుడు, వీలునామా లేక తండ్రి మరణించినయెడల కుమార్తెకు కుమారుని భాగములో నాలుగవ వంతో, అయిదు వేల రూపాయలో, ఏది తక్కువయైన అది మాత్రమే ఈయబడెను. సిరియను క్రైస్తవ స్త్రీయగు మేరీ రాయ్ సుప్రీంకోర్టుకు పోయి 1986లో దానిపై తీర్పు పొందువరకు, ఆ కొలత సరియైనదేనని అనేక భక్తిపరులు తలంచిరి. అదే సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ కుమార్తెలకు పిత్రార్జితములో సమానభాగమునిచ్చు సవరణ చేసెను. క్రైస్తవుల విడాకుల శాసనము 1869 నాటిది. భార్య వ్యభిచరించెనని నిరూపించిన భర్తకు అది చాలియుండెను. భార్యకో, భర్త వ్యభిచారముతోపాటు క్రూరత్వమో పరిత్యాగమో మరియొక దోషమో నిరూపింపవలసియుండెను. ఈ అసమానత 2001లో గాని తొలగింపబడలేదు. నూట ముప్పదిరెండేండ్లు అది క్రైస్తవుల పేరిట నిలిచినది. మరియొక ప్రక్క, 2013లో పుష్పలలితగారు నంద్యాల అధ్యక్ష మండలమునకు బిషప్పుగా అభిషేకింపబడి, దక్షిణ ఇండియా సంఘములో ఆ పదవిని పొందిన మొదటి స్త్రీ అయిరి. తెలుగు నేలపై జరిగిన ఈ కార్యమును సంతోషముతో జ్ఞాపకము చేసికొనవలసినదే. అయితే ఒక స్త్రీ పీఠముపై కూర్చుండినంత మాత్రమున, వెనుక వరుసలో చాపపై కూర్చున్న యువతి మాట వినబడునని అనుకొనరాదు.

సెలోపెహాదు కుమార్తెల కథ కూడ ఒక్క అధ్యాయముతో ముగియలేదు. సంఖ్యాకాండము ముప్పదియారవ అధ్యాయములో వారి గోత్రపు పెద్దలు వచ్చి, ఈ కుమార్తెలు అన్యగోత్రికులను పెండ్లి చేసికొన్నయెడల భూమి చేయి జారునని మొఱపెట్టిరి. భూమి వారిదే గాని, పెండ్లి తమ గోత్రములోనే చేసికొనవలెనని అప్పుడు కట్టడ చేయబడెను. న్యాయము దొరకినది, హద్దుతో దొరకినది. ఆ తరువాత మోషే మరణించెను. జనులు యొర్దాను దాటిరి. దేశము పంచబడుచుండగా, ఆ అయిదుగురు మరల యెహోషువ యెదుటికిని ఎలియాజరు యెదుటికిని వచ్చి, దేవుడు మోషేకు ఆజ్ఞాపించినదానిని జ్ఞాపకము చేయవలసివచ్చెను. దేవుడే సెలవిచ్చిన తీర్పు కూడ, అడుగువారు మరల వచ్చి అడుగునంతవరకు అమలు కాలేదు.

భారతీయ వారసత్వ శాసనము 1925 నుండి కుమారునికిని కుమార్తెకును సమానభాగమును వ్రాసియుంచినను, అన్నదమ్ముల ముఖము చూచి సంతకము చేసి తన భాగమును విడిచిన క్రైస్తవ యువతికి ఈ సంగతి వివరింపనక్కరలేదు. ఆమె సంతకము చేసినది ప్రేమచేతనా, పుట్టింటి గడప మూసికొనునను భయముచేతనా అని ఆమెను అడిగినవారెవరు? ఆమె స్త్రీవాదియా కాదా అని తరచి అడుగువారు, ఈ ప్రశ్నను అడుగుట లేదు.

మోషే ఎనుబదియేండ్ల ప్రాయమున పిలువబడి, నలువదియేండ్లు జనమును నడిపించిన ప్రవక్త. అట్టివాడు అయిదుగురు పడుచుల ప్రశ్న యెదుట, "మీకు ఈ మాటలు ఎవరు నేర్పిరి?" అని అడుగలేదు. "అమాలేకీయుల స్త్రీలను చూచి నేర్చుకొంటిరా?" అని గద్దింపలేదు. వారి మనవిని ఉన్నదున్నట్టుగా దేవుని యొద్దకు కొనిపోయెను. నేటి కాపరికిని, తండ్రికిని, తల్లికిని, సంఘపెద్దకును అప్పగింపబడిన పని అంతకంటె పెద్దది కాదు. యువతి తెచ్చిన మాట ఏ పేరుతో వచ్చినను, లేక ఏ పేరును లేక వచ్చినను, ముందుగా దానిని వినవలెను. తనకు ఉత్తరము తెలియనిచోట తెలియదని ఒప్పుకొనవలెను. ఆమె ప్రశ్నను ఆమె మాటలలోనే ప్రార్థనలో ఎత్తుకొనవలెను. ఉత్తరము దేవునిది. ఆ ఉత్తరము వచ్చువరకు గుడారము ద్వారమునొద్ద ఆమెకు నిలుచు చోటుంచుట సంఘము యొక్క విధి.